ప్రశ్నకు ఊఁ కొట్టకూడదు

ఓడకు నలభై ఒక్క రోజులు

ఇవాళ జల్లెళ్ళు కడిగే వంతు నాది. మంచుబావుల్లోంచి వచ్చే పొడి కంటికి కనపడదు కానీ పళ్ళ కింద తెలుస్తుంది. అందుకని గాలి వడకట్టే జల్లెళ్ళను నాలుగు రోజులకోసారి కడగాలి. సీరిస్ మీద ఏదీ గబుక్కున కింద పడదు. విదిలించిన నీళ్ళు కూడా, భోజనాలయ్యాక పెళ్ళివారు కదిలినట్టు, తీరిగ్గా దిగుతాయి. ముప్పావుగంట పనికి రెండు గంటలు పట్టింది.

రోజూ నాలుగు ముక్కలు రాయాలని నా ఉద్యోగ నిబంధన. పైవాళ్ళెవరూ చదవరని మొదటి ఏడాదిలోనే తేలిపోయింది. చదివేవాళ్ళు లేని రాతలో ఒక సుఖం ఉంది, నా ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు.

నేను మాటల గది చూసుకుంటాను. ముప్ఫై ఎనిమిది మంది మనుషులు, పదకొండు మంచుబావులు, ఒక మాటల గది, ఇదీ మా ఊరు. వారానికోసారి ఒక్కొక్కరూ వచ్చి కుర్చీలో నడుం పట్టీ బిగించుకుని, ఇంటివాళ్ళతో ఇరవై నిమిషాలు మాట్లాడి వెళతారు. మాట్లాడటమంటే రికార్డు చేయడమే. ఇక్కడి గొంతు భూమిని చేరడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అదీ కాక మాలాంటివాళ్ళ మాటలన్నీ వారానికోసారి, శుక్రవారం సంచిలో వెళతాయి. జవాబులు పై శుక్రవారం సంచిలో వస్తాయి.

మొట్టమొదటి జట్టు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేసిందో సోమిదేవిగారు చెప్పేవారు. నాకు ముందు ఈ గది చూసుకున్నది ఆవిడే. "బాగున్నానండీ, మీరంతా బాగున్నారని తలుస్తాను" అని ఒక్క ముక్క అనేసి గోడ కేసి చూసేవారట. అలా పందొమ్మిది నిమిషాలు చూసి లేచి వెళ్ళిపోయేవారట. పైవాళ్ళు డాక్టర్లను పెట్టి పరీక్ష చేయించారు. జబ్బేమీ లేదు. అవతల ఎవరూ ఊఁ కొట్టడం లేదు, అంతే. అవతలివాళ్ళు ఊఁ అనకపోతే మనకు రెండో వాక్యం నోట్లోంచి రాదు కదా.

దాంతో ఊఁ పెట్టె చేశారు. ఇక్కడికి బయలుదేరే ముందు ఎవరికి వాళ్ళు తమ మాట వినే మనిషిని తీసుకొచ్చి మూడు రోజులు కూర్చోబెట్టాలి. వెళ్ళే మనిషి కబుర్లు చెబుతుంటే ఆ మనిషి ఊఁ కొడుతూ ఉండాలి. ఆ ఊఁలన్నీ పెట్టెలోకి ఎక్కుతాయి. ఇక్కడ మనం మాట్లాడుతుంటే సందు చూసుకుని పెట్టె ఆ గొంతుతోనే ఊఁ అంటుంది. పంపేముందు ఆ ఊఁలు తీసేసి మాటలు మాత్రం సంచిలో వేస్తాం.

ఓడకు ముప్ఫై ఎనిమిది రోజులు

గోంగూర కోతకొచ్చింది. దీపాల కింద పెరిగిన గోంగూరకు పులుపు తక్కువ. వంట చూసే గవరయ్య దాన్ని నాలుక మీద పెట్టుకుని, ఎవరో తనను మోసం చేసినట్టు మొహం పెట్టాడు.

ఆకు తుంచుతుంటే బంగారత్త గుర్తొచ్చింది. మా మేనత్త. వేసవి మధ్యాహ్నాలు చింతపండులో గింజలు తీస్తూ కథ చెప్పేది. నేను ఊఁ కొట్టాలి. నా ఊఁ కాస్త నీరసించిందంటే కథ ఠక్కున ఆగిపోయేది. "ఎంతవరకు చెప్పానో చెప్పు" అనేది. నేను నీళ్ళు నమిలేదాన్ని. అలా తొమ్మిదేళ్ళకే నేను ఊఁ కొట్టడంలో ఆరితేరాను.

పరదేశీయులు ఎవరైనా మన నిఘంటువు తిరగేస్తే ఊఁ అంటే 'అంగీకార సూచకం' అని ఉంటుంది. రాసినవాళ్ళెవరో బహుశా ఒంటరిగా పెరిగి ఉంటారు. పిల్లవాడు పొయ్యి దగ్గరికి వెళుతుంటే కళ్ళెర్రజేసి అనే ఊఁ ఉంది. బరువెత్తేటప్పుడు నలుగురినీ కలిపి లేపే ఊఁ ఉంది. జ్వరంలో మూలిగే ఊఁ. నోటినిండా పిన్నులు పెట్టుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ "ఏమిటీ?" అనడానికి బదులు అనే ఊఁ. నువ్వు చెప్పింది అబద్ధమని నాకు తెలుసు, అయినా చెప్పు, అనే ఊఁ మా అత్త దగ్గర ఉండేది, దానికి భయపడి నేను చాలాసార్లు నిజం చెప్పేశాను. చావు ఇంటికి వెళ్ళి మాటలు దొరక్క పక్కన కూర్చున్నవాళ్ళు అనే ఊఁ. ఇన్నింటినీ కలిపి అంగీకార సూచకం అంటే ఎలా?

బంగారత్త పోయి ఏడేళ్ళు. ఆవిడ పోయాక ఏడాదికి నేను ఓడెక్కాను.

ఓడకు ముప్ఫై నాలుగు రోజులు

గురువారం. నూకాలు వంతు.

నూకాలు పదకొండో బావి తవ్వే జట్టుకు పెద్ద. నలభై నాలుగేళ్ళు. నేనూ ఆమే ఒకే ఓడలో వచ్చాం. నన్ను 'ఒలే రాజ్యం' అంటుంది, నేను 'వదినా' అంటాను. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు. పదకొండు నెలల ప్రయాణంలో ఎవరో ఒకరిని ఏదో ఒకటి అనకపోతే పిచ్చెక్కుతుంది కాబట్టి అలా కుదిరింది.

నూకాలు మాటలు వినే మనిషి వాళ్ళ అక్క పైడమ్మ. సముద్రం రెండుసార్లు లోపలికి తోసేసిన గట్టుపాలెంలో, నాచు తోటలకు వలలు కడుతుంది. తల్లి పోయాక నూకాలును పెంచింది ఆవిడే. రికార్డింగు గదికి రానని మొండికేస్తే, మనుషులు ఆవిడ పాకకే వెళ్ళి ఊఁలు పట్టుకొచ్చారట. అందుకే పైడమ్మ ఊఁలన్నింటి వెనకా వలతాడు గరగరలాడుతూ ఉంటుంది. మొత్తం నలభై ఒకటి. అన్నింటికన్నా నాకిష్టమైనది పదిహేడోది. రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని చెల్లెలికి జడ అల్లుతూ అన్నది. మెత్తగా ఉంటుంది. వింటే మెడ మీద ఎవరో చెయ్యి వేసినట్టుంటుంది.

ఇవాళ నూకాలు బావిలో నీలం మంచు తగిలిన సంగతి చెప్పింది. "అక్కా, గాజులాగున్నాదే. దీపం ఎట్టి సూస్తే లోపల నీల్లు కదుల్తన్నట్టే ఉన్నాది. నాకు మనూరు సెరువు గేపకమొచ్చింది. పన్జెయ్యలేక కూసున్నాను సానా సేపు."

"ఊఁ" అంది పైడమ్మ గొంతు.

అది పెట్టె అనలేదు. నేను అనిపించాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, ఇవాళ రాస్తున్నాను. మూడేళ్ళ కింద పెట్టె బుర్ర చెడిపోయింది. ఎవరేం చెప్పినా ఒకే ఊఁ, గడియారం కొట్టినట్టు. రెండు వారాల్లో మనుషులు మళ్ళీ గోడ కేసి చూడటం మొదలుపెట్టారు. బాగుచేసే భాగాలు రావాలంటే ఓడ రావాలి. అప్పుడు నేను ఊఁలన్నింటినీ విడివిడిగా మీటలకు కలిపి, కుర్చీకి ఎదురుగా ఉన్న అద్దం వెనక హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని కూర్చుని, నా చేత్తో నొక్కడం మొదలుపెట్టాను. ఏ మాటకు ఎవరు ఎలాంటి ఊఁ కొడతారో నాకు తెలుసు. ఆ ఒక్క విద్యే నాకు వచ్చు. పెట్టె బాగుపడిందని అందరితో చెప్పాను. "పెట్టెకి మనసు తెలుసు" అంటారు వీళ్ళంతా. నేను తలాడిస్తాను.

ఓడకు ఇరవై ఏడు రోజులు

సోమిదేవిగారు నాకిచ్చి వెళ్ళిన నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఒకటే వాక్యం ఉంది. 'ప్రశ్నకు ఊఁ కొట్టనివ్వకు. ప్రశ్నకు జవాబు మనిషే ఇవ్వాలి.' అయిదేళ్ళలో ఎన్నడూ తప్పలేదు. మీటలు పెట్టుకున్నాక కూడా, కుర్చీలోంచి ఎవరైనా ప్రశ్న అడిగితే నా చేతులు మీటల మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఇవాళ తప్పాను.

నూకాలు మామూలుగానే మొదలుపెట్టింది. తిరుగు ఓడ దగ్గర పడుతోందని, ఎక్కేవాళ్ళ పట్టీలో తన పేరు ఉందని చెప్పింది. నా పేరు అందులో లేదు, ఇంకో అయిదేళ్ళకు నేను ఎప్పుడో సంతకం పెట్టాను. తర్వాత గొంతు సవరించుకుంది.

"అక్కా, ఒక మాటడుగుతాను, కోప్పడకు. పదకొండో బావి నా సేత్తో మొదలెట్టినాను కదే. నాను ఎల్లిపోతే ఎవులో వొచ్చి దాన్ని పాడుసేస్తారనిపిస్తన్నాది. ఇంకో అయిదేళ్ళు ఉండిపోదునా?"

ఆగింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకోలేదు.

అద్దంలోంచి ఆమె మొహం కనిపిస్తోంది. కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి చూస్తోంది. ఆ మొహం ఇంకో అయిదేళ్ళు గురువారం గురువారం ఆ కుర్చీలో ఉంటుందన్న ఆలోచన వచ్చింది నాకు. రానివ్వకపోతే బాగుండేది. వచ్చింది. పదిహేడో మీట నొక్కాను.

"ఊఁ."

నూకాలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇక్కడ కన్నీళ్ళు జారవు, కంటి చుట్టూ గుండ్రంగా నిలబడిపోతాయి, చేత్తోనే తుడుచుకోవాలి. "ఊఁ అనీసినావు కదే," అంది. "అంతే సాలు నాకు. ఉండిపోతానక్కా."

పట్టీ విప్పుకుని బయటికొచ్చి నా భుజం మీద ఒక్కటి చరిచింది. "ఒప్పీసుకున్నాదే మా అక్క!" అంది.

"మంచిది వదినా," అన్నాను.

ఓడకు ఇరవై రెండు రోజులు

నూకాలు పట్టీలోంచి పేరు కొట్టించుకుంది. గవరయ్య టమాటా పచ్చడి చేశాడు. సముద్రపు ఉప్పు ఎప్పుడో అయిపోయింది, బావి ఉప్పు చేదుగా ఉంటుంది. అయినా అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నూకాలు నా గిన్నెలో ఇంకాస్త వేసి, "తినే, అయిదేళ్ళు నన్ను బరించాలి" అంది.

సంతోషంగా ఉన్నాను. దాచడం ఎందుకు, చాలా సంతోషంగా ఉన్నాను. తప్పు చేసిన సంగతి తెలుసు. కానీ పైడమ్మ కూడా అదే అని ఉండేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. మూడేళ్ళుగా ఆవిడ గొంతు నా వేళ్ళ కింద ఉంది కదా, ఆవిడ సంగతి నాకు తెలియదా?

ఓడకు పందొమ్మిది రోజులు

సంచి వచ్చింది. ఇచ్చేముందు శబ్దం సరిగ్గా ఉందో లేదో మొదటి నిమిషం వినడం నా పని. పైడమ్మది విన్నాను. ఒక్క నిమిషంతో ఆగలేకపోయాను.

"నానెప్పుడన్నానే ఊఁ?" ఇదీ మొదటి మాట. ఈ అయిదేళ్ళలో ఆవిడ ఇంత పొడుగ్గా మాట్లాడటం ఇదే మొదలు. "నూకా, నీ మాట ఇన్నప్పుడు నాను ఊఁ అనలేదే. వల కింద పడీసి ఏడిసినాను. ఎవులే నా గొంతుతో నీకు సెప్పింది? నీకు ఉండాలనుంటే ఉండు, నానొద్దంటానేటి. బావి మీద నీకెంత పేనమో నాకు తెల్దేటి. గానీ నన్నడిగి, నా మాట ఇనకుండా లేసి ఎలిపోనావు. నా నోట్లో మాట నా నోట్లోనే ఉండిపోనాది."

తర్వాత ఏమీ లేదు. వలతాడు గరగర కూడా లేదు. చేతిలో పని పక్కన పెట్టి మాట్లాడిందన్నమాట.

ఓడ రేవుకు తగిలేదాకా పట్టీలో పేరు మార్చుకోవచ్చు. ఇది దాటితే మళ్ళీ అయిదేళ్ళకు గానీ ఓడ లేదు.

నూకాలు వచ్చి, "మా అక్క ఏటన్నాది?" అని అడిగింది.

"శబ్దం బాగాలేదు వదినా. శుభ్రం చేసి ఇస్తాను," అన్నాను.

ఓడకు పదిహేడు రోజులు

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఈసారి ఆమె నా మొహంలోకి చూస్తూ, "తొందరేటీ లేదులే. బాగుందంటాది, ఇంకేటంటాది" అని నన్నే ఓదార్చి వెళ్ళింది. అబద్ధం చెప్పి ఇంకొకళ్ళ చేత ఓదార్పు తీసుకోవడం కన్నా నీచం ఏముంటుంది?

ఓడకు పదహారు రోజులు

చెప్పేశాను.

పదకొండో బావి గట్టుకు వెళ్ళాను. ఆమె తవ్వుకోలు పళ్ళకు పేరుకున్న మంచు గీకుతోంది. పైడమ్మ రికార్డు చేతిలో పెట్టి వినమన్నాను. టోపీ పైకెత్తి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఒకసారి విని, మళ్ళీ మొదటికి తిప్పింది. రెండోసారి సగంలో ఆపేసింది.

"పెట్టె కదా అన్నాది," అంది.

"పెట్టె చెడిపోయి మూడేళ్ళయింది వదినా. నేనే నొక్కుతున్నాను. అందరివీ నేనే. ఆ ఊఁ కూడా నేనే నొక్కాను."

"తెలక నొక్కినావేటి?"

తెలియక అనొచ్చు. వేలు జారిందనొచ్చు. ఆమె నమ్మేది కూడా.

"తెలిసే నొక్కాను. నువ్వు ఉండిపోవాలని నొక్కాను."

గీకుడు కర్ర చేతిలోంచి వదిలేసింది. అది పడకుండా, మా ఇద్దరి మధ్యా గాలిలో మెల్లగా తిరుగుతూ ఉంది. నూకాలు దాన్ని పట్టుకోలేదు.

"అంటే, నాను సెప్పిన కతలన్నీ నువ్వే ఇన్నావన్నమాట. మా అమ్మ పోయిన కత. నా పెళ్ళి పెటాకులైన కత. అన్నీని."

"విన్నాను."

"ఊఁ కొట్టినావు."

"కొట్టాను."

"మా అక్క నోరు తీసుకెల్లి నువ్వు పెట్టుకున్నావు," అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. "ఒలే రాజ్యం, నీకు ఇనాలనుంటే, ఎదురుగా కూకుని ఎందుకినలేదే? నాను పక్క గదిలోనే ఉన్నాను కదే అయిదేళ్ళూ?"

కర్ర నేల మీదికి దిగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఓడకు పదిహేను రోజులు

భోజనాల దగ్గర లేచి నిలబడి అందరికీ చెప్పాను. పెట్టె ఎప్పుడు చెడింది, నేనేం చేస్తూ వచ్చాను, అంతా. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఇకమీదట నాతో మాట్లాడరనుకుంటాను, వాళ్ళను తప్పుపట్టను. గవరయ్య మాత్రం గరిటె కడుగుతూ, "నాకెప్పుడో తెలిసిపోయిందమ్మా," అన్నాడు. "మా ఆవిడ అంత నిదానంగా ఎప్పుడూ ఊఁ కొట్టదు. నేను రెండు మాటలనేలోపు నాలుగు ప్రశ్నలేస్తది. ఈమె ఎవరోగానీ మంచావిడ, మాట్లాడుకోనీ అని ఊరుకున్నా."

ఒకళ్ళిద్దరు నవ్వారు. నూకాలు నవ్వలేదు.

ఓడకు పదమూడు రోజులు

ఇవాళ నూకాలు వంతు. వచ్చింది. కుర్చీ చూపించి, "కూకో," అంది నాతో.

"నేనా?"

"నాకు సెప్పినావు. మా అక్కకి ఎవులు సెప్తారు? సగం టయిము నీది, సగం నాది."

కూర్చుని పట్టీ బిగించుకున్నాను. నూకాలు అద్దం వెనక నా స్థానంలో కూర్చుంది. మీటల మీద చెయ్యి వేయలేదు. వేసినా పలకవు, నా కోసం పెట్టెలో ఎవరి ఊఁలూ లేవు.

"పైడమ్మగారూ, నా పేరు రాజ్యం. మాటల గది చూసుకుంటాను," అన్నాను. ఆగాను. ఏదీ రాలేదు. అద్దం అవతల నూకాలు నోరు మూసుకుని నన్నే చూస్తోంది. రెండో వాక్యం కోసం వెతుక్కున్నాను. చీకటి మెట్ల మీద ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే ఏమీ లేనట్టయింది. సోమిదేవిగారు చెప్పిన ఆ మొదటి జట్టువాళ్ళు గోడ కేసి ఎందుకు చూశారో అప్పుడు తెలిసింది. అయిదేళ్ళుగా ఈ గదిలో పనిచేస్తూ, ఈ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు.

అయినా చెప్పాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను. పెట్టె సంగతి చెప్పాను. పదిహేడో ఊఁ సంగతి, రిబ్బను సంగతి చెప్పాను. "ఆ ఊఁ మీరు జడ వేస్తూ మీ చెల్లెలికి ఇచ్చింది. దాన్ని నేను దొంగిలించి నా కోసం వాడుకున్నాను. ఆవిడ వెళ్ళిపోతే గురువారాలు ఏం చేయాలో నాకు తెలియదు. మా మేనత్త పోయాక నాతో కథ చెప్పినవాళ్ళు మీ చెల్లెలే. ఆవిడకు తెలియదు, చెబుతున్నది నాకని." ఇంకా ఏదో అనబోయాను. నోరు ఎండిపోయింది. లేచాను.

నూకాలు లోపలికి వచ్చి, తన రికార్డు వేరేగా పెట్టుకుని కూర్చుంది. నేను చెవులకు తగిలించుకునేవి తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాను. ఆమె వాళ్ళ అక్కను ఏమడిగిందో నాకు తెలియదు. ఆ గదిలోంచి వెళ్ళిన మాట నేను వినకపోవడం ఇదే మొదటిసారి.

ఓడకు అయిదు రోజులు

సంచి వచ్చింది. నూకాలుకు వచ్చింది నూకాలుకు ఇచ్చాను, వినకుండా. ఒక్కర్తే గదిలో కూర్చుని విన్నది. బయటికి వచ్చేటప్పటికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎల్తన్నాను," అంది.

"మీ అక్క రమ్మందా?"

"లేదు. ఉండమన్నాది. బావి మీద నీకంత ఇట్టమైతే ఉండిపో, అయిదేళ్ళు నాకేటి లెక్క అన్నాది." ముక్కు చీదుకుంది. "సెప్తుంటే దాని గొంతు ఇన్నాను కదా. అలగ సెప్పింది ఇన్నాక ఎలగుంటానే?"

పట్టీలో పేరు మళ్ళీ ఎక్కించింది. బావి తాళాలు జట్టులోని రెండో మనిషికి అప్పజెప్పి, రాత్రి భోజనాల దాకా వాడి చెవిలో జోరీగలా పోరింది.

సంచిలో ఇంకొక రికార్డు ఉంది. పైడమ్మ నుంచి రాజ్యానికి, అని ఉంది. నా పేరు మీద సంచిలో ఏదైనా రావడం ఇదే మొదలు. వినలేదు. ధైర్యం చాల్లేదు.

ఓడ వెళ్ళిన రోజు

రేవు తలుపు దగ్గర అందరం నిలబడ్డాం. నూకాలు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ వచ్చింది. నా దగ్గరికొచ్చి ఆగింది. కోపం పూర్తిగా పోయిందని అనను. అలాంటివి పదహారు రోజుల్లో పోవు.

"నాను ఓడలో ఎవులితో మాటాడాలే పదకొండు నెలలు?" అంది.

"ఎవరినో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకో," అన్నాను.

"ఎవుల్నో కూకోబెడితే నీలాగ ఇంటారేటి!" అని కసిరి, తలుపు దాటి వెళ్ళిపోయింది. నాకు అది చాలా రోజులకు సరిపోతుంది.

ఓడ వెళ్ళి రెండు రోజులు

కొత్త భాగాలు వచ్చాయి కానీ పెట్టె ఎవరూ బాగుచేయమనలేదు. ఇప్పుడు ఎవరి వంతుకు వాళ్ళు ఇంకొకరిని వెంట తెచ్చుకుంటున్నారు. ఒకరు ఇంటివాళ్ళతో మాట్లాడుతుంటే ఇంకొకరు ఎదురుగా కూర్చుని ఊఁ కొడుతున్నారు. గవరయ్య ఇవాళ నన్ను కూర్చోమన్నాడు. ఆయన గోంగూర సంగతి చెబుతుంటే, చేతిలో మీటలేమీ లేకుండా, నా గొంతుతోనే ఊఁ కొట్టాను. బొంగురుగా వచ్చింది. ఆయనేమీ అనుకోలేదు.

అందరూ వెళ్ళాక పైడమ్మ రికార్డు పెట్టుకున్నాను.

ముందు నా గొంతే వినిపించింది. "పైడమ్మగారూ, నా పేరు రాజ్యం." పొరపాటున నాదే నాకు తిప్పి పంపిందనుకున్నాను. అంతలో వెనక వలతాడు గరగర వినిపించింది. అర్థమవడానికి కాసేపు పట్టింది. నేను చెప్పుకున్నదంతా ఆవిడ తన పాకలో పెట్టుకుని వింటూ, అది మొత్తం రికార్డు చేసింది. నేను ఆగినచోటల్లా ఆగింది.

పెట్టె చెడిపోయిన సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. పదిహేడో మీట నొక్కానన్నచోట తాడు చప్పుడు ఆగి, కత్తిరించినట్టు ఒక ఊఁ వచ్చింది. ఆ ఊఁకి నా చెంప చురుక్కుమంది. దొంగిలించానన్నచోట కూడా అదే. మేనత్త పోయాక అని నేనన్నచోట మాత్రం చాలాసేపు ఏమీ లేదు. కెరటాల చప్పుడు వినిపించింది, దూరంగా ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, కోడి ఒకటి. భూమి మీది చప్పుళ్ళు అంత దగ్గరగా విని ఎన్నేళ్ళయిందో. ఆ తర్వాత ఒక ఊఁ వచ్చింది. చిన్నది. ఆవిడ నలభై ఒకటిలో అది లేదు. చెల్లెలి కోసం అన్నది కాదు, నా కోసమే కొత్తగా అన్నది.

నా గొంతు అక్కడితో ఆగిపోయింది. నోరు ఎండిపోయి లేచి వెళ్ళిన చోటు అదే. రికార్డు అయిపోయిందనుకుని తీయబోయాను. కానీ తాడు గరగరలాడుతూనే ఉంది. ఆవిడ కూర్చునే ఉంది. నేను లేచి వెళ్ళిన సంగతి ఆవిడకు తెలియదు. లేక తెలిసే, నేను మళ్ళీ మొదలుపెడతానని చూస్తూ ఉంది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు.

"ఊఁ?" అంది పైడమ్మ.

"ఇంకేం లేదక్కా," అన్నాను పైకే, ఆ ఖాళీ గదిలో. అని, అది అబద్ధమని తెలిసి సిగ్గేసింది. లేకపోవడమేమిటి, ఎంతుంది!

కుర్చీలో కూర్చుని పట్టీ బిగించుకున్నాను. మీట నొక్కి, మా బంగారత్త చింతపండు గింజలు తీసే మధ్యాహ్నం దగ్గర మొదలుపెట్టాను.